పిడికిలి ముంత

కృపమ్మ మా గడప ముందు నిలబడినప్పుడు నేను జొన్నరొట్టె తింటున్నాను. ఆమె కూతురు శాంతమ్మను మట్టిచేసి అప్పటికి పన్నెండు రోజులు. నోట్లో ముక్క మింగలేక, ఉమ్మలేక అలాగే కూర్చుండిపోయాను.

నా పేరు దేవదానం. ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరంలో ఒక చిన్న పల్లెలో ఉపదేశిని. ఆదివారం వాక్యం చెప్పడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పోయినవాళ్లను ప్రార్థన చేసి సాగనంపడం నా పని. ఎదుటివాడి కష్టానికి అర్థం చెప్పడంలో నన్ను మించినవాడు లేడని ఆ రోజుల్లో నాకు గొప్ప నమ్మకం ఉండేది.

మా సంఘంలో పిడికిలి ముంత అని ఒక ఆచారం. విసుర్రాయిలో గింజలు పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేస్తుంది. అది దేవుడి వంతు. వరి పండే చోట బియ్యం వేస్తారట. మా నల్లరేగడి పల్లెలో జొన్నలే. ఆదివారం ముంతలన్నీ గుడికి తెచ్చి గోనెసంచిలో పోస్తారు. నాకొచ్చే జీతం అరకొర కాబట్టి ఆ సంచి మా ఇంటికే చేరేది. దేవుడి వంతు తినేది నేనూ, నా భార్య లూదియా, మా పాప అరుణకుమారి. ఇందులో దాపరికమేమీ లేదు, ఊరందరికీ తెలిసిన ఏర్పాటే.

పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం. వాన మా పల్లెను మరిచిపోయింది. చేలల్లో కూలి లేదు. మగవాళ్లు కొందరు బేతంచెర్ల బండల గనులకు పోయారు. కృపమ్మ ఏడేళ్ల పిల్లతో యాడికీ పోలేని విధవ. దొరికిన రోజు కంపలు కొట్టి అమ్మేది, దొరకని రోజు పస్తు.

ఫిబ్రవరిలో నంద్యాల నుంచి మా సంఘాల పైపెద్ద పాస్టరు అయ్యగారు నాకొక కార్డు రాశారు. కరువు తీరేదాకా పిడికిలి ముంతలు ఆపండి, ఆ గింజలు పిల్లలకు వండిపెట్టమని తల్లులకు చెప్పండి, ఆకలితో ఉన్నవాళ్ల దగ్గర దేవుడు వంతు అడగడు. అంతే. ఇంటి ముందు నిలబడి చదివాను. మడిచి బైబిల్లో పెట్టాను. ఆదివారం ఎవరికీ చదివి వినిపించలేదు.

సంచి ఆగితే మా పొయ్యి ఆగుతుంది. కారణం అదొక్కటే అయితే దొంగనని ఒప్పుకొని ఊరుకునేవాణ్ణి. లేనినాడు ఇచ్చిన ఇల్లే దీవెన పొందుతుందని ఏళ్ల తరబడి చెప్పాను. ఇప్పుడు ఆపమంటే నా మాట ఏమవుతుందన్న పొగరు ఇంకొకటి. ఆ పొగరుకే విశ్వాసమని పేరు పెట్టుకున్నాను.

వారం వారం ముంతల్లో గింజలు తగ్గిపోయాయి. కొందరు ఆడవాళ్లు వట్టి ముంత మీద కొంగు కప్పి తెచ్చేవారు. కృపమ్మ ముంత మాత్రం ఎప్పుడూ నిండుగానే వచ్చేది. దాన్ని పైకెత్తి అందరికీ చూపించాను. "కృపమ్మ ధన్యురాలు" అన్నాను. ఆమె తల వంచుకుంది గానీ ముఖం వెలిగిపోయింది. నాకది కూడా నా ఘనతే అనిపించింది.

ఏప్రిల్లో శాంతమ్మకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులే. ఆళ్లగడ్డ కాంపౌండరు పిల్ల కడుపు నొక్కి చూసి, జ్వరం చిన్నదే, తట్టుకునే బలమే లేదన్నాడు. మట్టి వేసేటప్పుడు కూడా నేను కృపమ్మను ధన్యురాలనే అన్నాను.

ఇప్పుడామె గడప ముందు నిలబడింది.

"కూర్చో కృపమ్మా" అన్నాను.

"కూసోనులే అయ్యా. ఒక మాట అడిగి పోతా. నా ముంత యాపొద్దన్నా వెలితిగా వచ్చిందా?"

"లేదు."

"మరి నా బిడ్డ ఎందుకు పోయినాది? మీ ఇంట్లో దీవెన ఉండాది. మీ పాప ఆడుకుంటాంది. నేను యాడ తప్పినా? నాలో ఏందో పాపం ఉండాదని ఆడోళ్లు అంటాండారు. ఉంటే సెప్పు. మోకాళ్ల మింద ఒప్పుకుంటా."

దేవుడి చిత్తం అని ఒక్క ముక్క అంటే తల ఊపి వెళ్లిపోయేది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పొయ్యి దగ్గర లూదియా లేచి నిలబడింది. కార్డు సంగతి ఆమెకు తెలుసు.

"ఆయమ్మకు సెప్పు" అంది లూదియా. "ఇంగన్నా సెప్పు."

బైబిల్లోంచి కార్డు తీసి చదివాను. కృపమ్మ చదువుకోలేదు. నా పెదవుల వైపే చూస్తూ వింది.

"ఇది యాపొద్దు వచ్చింది?"

"ఫిబ్రవరిలో."

"జరం రాకముందేనా?"

"రెండు నెలల ముందు."

ఆమె అక్కడే, గడప బయట, కూలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"ఒగరోజు అది ముంతలో చెయ్యి పెట్టింది అయ్యా" అంది. "పచ్చి జొన్నలు నోట్లో పోసుకునింది. దేవుని సొమ్ము దొంగిలిస్తావా అని కొట్టినా. చెంప మింద. నోరు తెరిపించి కక్కిచ్చినా. మల్ల యాపొద్దూ ఆకలని అడగలేదు."

అరుణకుమారి వచ్చి నా భుజం పట్టుకుంది. దాన్ని దగ్గరికి తీసుకోవడానికి కూడా నాకు సిగ్గేసింది.

"తప్పు నాది. ఆదివారం అందరి ముందర ఒప్పుకుంటా. ఈ పని వదిలేస్తా. నువ్వు మాత్రం కృపమ్మా, దేవుడి ఎదుట ధన్యు..."

"ఆ మాట ఇంక నన్ను అనాకు" అంది. లేచి నిలబడింది. "ఆ కార్డు తీసుకోని నాతో రా."

మిట్టమధ్యాహ్నం. కాళ్లు కాలుతున్నాయి. ఇద్దరం పల్లె వెనక సమాధుల దొడ్డికి నడిచాం. శాంతమ్మ మీద మట్టి ఇంకా అణగలేదు. కృపమ్మ దాని పక్కన కూర్చుంది.

"ఈడ చదువు. గట్టిగా చదువు. తినమన్నారని దానికి తెలియల్ల."

చదివాను. పిల్లలకు వండిపెట్టమన్న చోట ఆగిపోయాను. ఆమె ఊరుకోలేదు, మొదటినుంచి చదవమంది. రెండోసారి చదివాను. మూడోసారి చదివాను. అప్పుడామె మట్టి మీదికి వంగి, నేనక్కడ లేనట్టే, మెల్లగా అంది.

"ఇన్యావా తల్లీ. నిన్ను తినమన్నారు."