ఎడమ వైపు ఫోటో లేదు

"తెల్ల ఆడగుర్రం. ఆరేళ్ల వయసు. సుడులన్నీ శుభం. బాజాలకు బెదరదు. చంటిపిల్లను ఎక్కించినా భయం లేదు." కూతురు హారతి ఫోన్‌లో అమ్మకం ప్రకటన టైపు చేసి చదివి వినిపిస్తే, మండపేట బుల్లబ్బాయికి తన గుర్రాన్ని తనే కొనుక్కోవాలనిపించింది.

ఆరేళ్లన్నది అబద్ధమే, గౌరికి పదకొండు దాటాయి. పోనీలెండి, వయసు కాస్త తగ్గించి చెప్పని వాళ్లెవరు? అసలు మోసం ఫోటోల్లో ఉంది. ఎనిమిది ఫోటోలూ, ఒక వీడియో, అన్నీ కుడివైపు నుంచే తీశారు. గుర్రం ఎడమకంట్లో తెల్లగా పువ్వు వేసి ఏడాదయింది. ఆ కన్ను బొత్తిగా కనిపించదు. ఆ వైపు నుంచి ఏ బండి వచ్చినా ఉలిక్కిపడి పక్కకు దూకేస్తుంది. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రానికి అంతకన్నా పెద్ద లోపం ఇంకేం కావాలి?

"కన్ను సంగతి రాయొద్దా నాన్నా?" అంది హారతి.

"రాస్తే ఎవడు కొంటాడే? వచ్చినవాడు చూసుకుంటాడుగా. చూసుకోకపోతే మన తప్పా?"

మూడోరోజుకల్లా పిఠాపురం వైపు నుంచి చిన్న వ్యాను వేసుకుని వెంకటరాజు అనే రైతు దిగాడు. వ్యవసాయంతో పాటు పెళ్లిళ్లకు గుర్రం తిప్పుదామని అతని ఆలోచన. వెంట తల్లి పాపాయమ్మను తెచ్చుకున్నాడు. ఎనభైకి దగ్గర పడిన ఆ ముసలమ్మ ఎడ్ల ఒంటి మీద వెంట్రుకల సుడులు చూసి మంచిచెడ్డలు చెప్పడంలో ఆరితేరిన మనిషి. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ దిగడం చూసి బుల్లబ్బాయికి గుండె గుభేలుమంది. గౌరి ముఖానికి ముందే పెళ్లి అలంకారం కట్టి, పూసల జాలరు ఎడమకంటి మీదికి లాగి ఉంచాడు గానీ, ఈవిడ దగ్గర అది ఆగుతుందా?

పాపాయమ్మ తీరుబడిగా మొదలుపెట్టింది. నుదుట ఒక్కటే సుడి ఉందంది. మెడ వెంట్రుకలు పాయలు తీసి చూసింది. నడుం పట్టేసినా సరే, వంగి పొట్ట కింద చూసింది. తోక ఎత్తించింది. వెన్ను మీద చెడ్డ సుడి లేదని తేలాక "అమ్మయ్య" అంటూ లేచింది. ఎడమవైపు రెండుసార్లు తిరిగింది, జాలరును మాత్రం తాకలేదు. కంట్లో సుడులుండవు కదా!

"లక్షణమైన జీవం రా. కళ్లు మూసుకుని తీసుకో," అంది కొడుకుతో.

బుల్లబ్బాయి నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వెంకటరాజు సంతోషంగా వ్యానులోంచి కొత్త తాడు తెచ్చాడు.

"మొదటి ఊరేగింపు మా ఇంట్లోనేనండి. నెలాఖరుకి మా అమ్మాయి దేవిశ్రీ పెళ్లి. పెళ్లికూతురే గుర్రమెక్కి రావాలని దాని సరదా. కాలువగట్టు మీదుగా మండపానికి రావాలండి. వద్దే అని మొత్తుకున్నాను. చంటిపిల్ల ఎక్కినా భయం లేదని మీరు రాశారు చూడండి, అది చదివాకే ఒప్పుకున్నాను."

బుల్లబ్బాయి తువ్వాలు నోటి మీంచి దించాడు. కాలువగట్టు అంటే ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క ధాన్యం లారీలు. హారతి వైపు చూశాడు. ఆ పిల్ల గుర్రం మెడ నిమురుతూ తండ్రి వైపు చూడటమే మానేసింది.

"ఈ గుర్రం మీకొద్దండి," అన్నాడు.

వెంకటరాజు మొహం మాడిపోయింది. "ఎవరైనా ఎక్కువ బేరం చెప్పారా అండీ? ఇంతదూరం రప్పించి ఇదేంటండి?"

"అయ్యో, అది కాదండి. దానికి ఎడమకన్ను కనపడదు."

"చాల్లే బాబూ!" పాపాయమ్మ నవ్వేసింది. "సుడులన్నీ నేను చూశాను. ఇంత మంచి జీవానికి కన్ను లేకపోవడం ఏంటి?"

ఏం చెయ్యాలి? నెత్తీనోరూ బాదుకుంటే నమ్ముతారా? బుల్లబ్బాయి జాలరు ఊడదీసి, తువ్వాలు ఆ కంటి ముందు అటూ ఇటూ ఊపాడు. గౌరి రెప్ప కూడా కదపలేదు.

"అమ్మ బాబోయ్," అంది ముసలమ్మ. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మొదలుపెట్టాక ఇక ఆగలేకపోయాడు బుల్లబ్బాయి. "పోయిన నెల ఊరేగింపులో ఎడమపక్క నుంచి లారీ వచ్చిందండి. ఇది దూకింది. పెళ్లికొడుకు కింద పడిపోయాడు. తాగి ఎక్కాడని ఊరంతా చెప్పాను. ఆ అబ్బాయి తాగలేదండి."

తిడతాడనుకున్నాడు, కొట్టినా కొడతాడనుకున్నాడు. వెంకటరాజు తెచ్చిన తాడును మళ్లీ చుట్ట చుట్టాడు. చివరికి నెమ్మదిగా అడిగాడు.

"ఆ అబ్బాయికి ఇప్పుడెలా ఉందండి?"

ఆ అబ్బాయి భుజం ఎముక విరిగిందని బుల్లబ్బాయి విన్నాడు. ఆసుపత్రిలో పెట్టారని విన్నాడు. నెల తిరిగింది, వాళ్ల వీధి వైపు తొంగి చూడలేదు. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి అడిగిన ఆ ఒక్క ముక్కా తనకు తోచనే లేదు. సిగ్గుతో చితికిపోయాడు.

"తెలియదండి," అన్నాడు.

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. ప్రకటన తీసేస్తున్నానని హారతి చెబుతున్నా వినిపించుకోకుండా, ఆ మిట్టమధ్యాహ్నం ఎండలోనే చెప్పులేసుకుని బుల్లబ్బాయి ఆ పెళ్లికొడుకు ఇంటికి బయల్దేరాడు. వెళ్లి ఏమనాలో మాత్రం దారి పొడుగునా తోచలేదు.