ఫోన్‌లో మంచిగనే మాట్లాడుతుంది

వినోదకు నలభై ఆరేళ్లకే మతిమరుపు జబ్బు వచ్చిందని కరీంనగర్ డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. మస్కట్‌లో పనిచేసే భర్త రాంచందర్ మాత్రం నమ్మలేదు.

ఆదివారం అతను వీడియో కాల్ చేస్తే, వినోద కొంగు సర్దుకుని, "తిన్నవా? పానం మంచిగున్నదా?" అని నవ్వుతూ అడిగింది.

"మీ అవ్వ మంచిగనే మాట్లాడుతుంది గదనే. కాలేజీకి పోకుంట సాకులు చెప్తున్నవా?" అని రాంచందర్, తల్లిని చూసుకోవడానికి కాలేజీ మానేసిన కూతురు అఖిలను కోప్పడి ఫోన్ పెట్టేశాడు.

"ఆయన ఎవలు బిడ్డా? మంచోని లెక్క ఉన్నడు," అంది వినోద.

అఖిలకు ఒళ్లు మండిపోయింది. వెంటనే తండ్రికి కాల్ కలిపి, ఫోన్ తల్లి చేతిలో పెట్టింది.

"గా మాట ఆయన్నే అడుగు."

రాంచందర్ ముఖం కనబడగానే వినోద మర్యాదగా అడిగింది: "మీరెవలు సార్?"

రాంచందర్ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని ఆమెను చూశాడు. "బిడ్డకు ఫోనియ్యి," అన్నాడు.

ఆరు నెలలుగా అతనితో చెప్పాలనుకున్న మాటలన్నీ పక్కనబెట్టి, "తిన్నవా బాపూ?" అని అడిగింది అఖిల.