దండ వద్దన్న ఫోటో

సెట్టు మీది వంటగదికి గోడ లేని వైపున గోదావరి పారుతోంది, అది మాణిక్యాంబకు వింతగా తోచడం లేదు. పొయ్యి దగ్గర నిలబడి టీ కాస్తున్నది హైమావతి, మొన్న వేసవిలో పోయిన మనిషి, అదే తెల్లరాయి ముక్కుపుడకతో, అదే విసురుతో. టీవీ సీరియల్లో వృద్ధాశ్రమంలో ఒకే గదిలో ఉండే స్నేహితురాళ్లుగా వేశారిద్దరూ. కెమెరా ఆగిపోయాక కూడా ఆ గదిలోంచి లేచి రాబుద్ధయ్యేది కాదు వాళ్లకు.

"ఇవాళ నన్ను చంపేస్తున్నారటగా?" అంటుంది హైమావతి, గ్లాసు అందిస్తూ.

"సీరియల్లోనేలేవే. నీ ఫోటోకి దండేస్తారు. దాన్ని పట్టుకుని నేను గుండెలు బాదుకోవాలి, 'నాకింక దిక్కెవరే' అంటూ."

"నన్నెప్పుడన్నా దిక్కనుకున్నావా నువ్వు? పేకాటలో దొంగాట ఆడతానని తిట్టిపోసేదానివి!"

ఇద్దరూ నవ్వుతుంటే వంటగది మెల్లగా కదిలి బస్సవుతుంది, డ్రైవరు లేడు, కిటికీ పక్కనే నీళ్లు, నీళ్ల మీద ఎండ, గ్లాసులో టీ మాత్రం తొణకదు.

"ముసలాళ్లంటే ఏడవడానికే పుట్టారనుకుంటారే వీళ్లు," అంటుంది హైమావతి. "మనం అట్లా బతికామా?"

"కాదంటే నా వేషమూ ఎత్తేస్తారు. ఈ వయసులో నన్నింకెవరు పిలుస్తారే?"

హైమావతి నీళ్లకేసి చూస్తూ, "టీ ఎట్లా ఉందో చెప్పలేదు," అంటుంది.

"చక్కెర దట్టించేశావు."

"ఆ! నా ఫోటోతో కూడా అట్లాగే మాట్లాడు, చాలు. కాస్త జరుగు, కాళ్లు లాగుతున్నాయి."

మాణిక్యాంబ సీట్లో జరుగుతుంది, ఇంకా జరుగుతుంది.

"అమ్మా, షాట్ రెడీ."

కళ్లు తెరిస్తే మేకప్ గది. అసిస్టెంటు డైరెక్టరు శిరీష, చేతిలో కన్నీళ్ల కోసం గ్లిజరిన్ సీసాతో, గుమ్మంలో నిలబడి ఉంది.

"అది వద్దమ్మా. ఫోటోకి దండా వద్దు. నేను దాంతో మామూలుగా మాట్లాడతాను, రోజూ మాట్లాడినట్టే. ఒక్కసారి తీసి చూడమను మీ డైరెక్టరు గారిని. నచ్చకపోతే నన్నూ తీసెయ్యమను."

శిరీష సీసాను జేబులో వేసుకుని, చెప్పడానికి వెళ్లింది. లేవబోయి మాణిక్యాంబ ఆగింది. తాను సోఫాకు ఈ చివర, పడిపోయేంత అంచున, ఒక కాలు నేల మీద ఆన్చి పడుకుని ఉంది; ఆ పక్కనంతా మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది.