మీటకు లొంగని బాలిక

ఆషాఢమేఘమండలము సముద్రమును ఆకాశమును ఒక్క ధూసరవర్ణమున ముంచియుండ, మధ్యాహ్నమును సంధ్యయని భ్రమించి కాకులు గూండ్లు చేరుకొనుచుండ, ఉప్పుగాలికి కిటికీ రెక్కలు ఉండియుండి మూలుగుచుండ, భీమునిపట్నమున కొండవాలున నున్న యొక చిన్న మేడలో వర్ధనమ్మ యను నామె కిటికీకడ కూర్చుండి తన కూతురి ముఖము గల బాలికను మాటిమాటికి అగాధమున పడవేయుచుండెను.

ఆ బాలిక సజీవురాలు కాదు. అరచేత నిముడు నాటపెట్టెలోని చిత్రప్రతిమ. దానిని నిర్మించినవాడు వర్ధనమ్మ కుమారుడు శశిభూషణుడు. జలమగ్నమై పాడుపడిన యొక ప్రాసాదమున ఏకాకినియైన బాలిక తిన్నె నుండి తిన్నెకు గెంతుచు వెలుపలి ద్వారమును చేరవలెను. పడినచోట నామె శిలయగును. మరల మొదటినుండి బయలుదేరి వచ్చి ఆ శిలనే మెట్టుగా చేసికొని ఎత్తైన తిన్నె నెక్కవచ్చును. ఎచట పడవలెనో యోచించి పడుటయే ఆ యాటలోని చిక్కు. తలపని చోట్ల పడినచో ఆ శిలలే దారి మూసివేయును.

ఆ బాలికకు శశిభూషణుడు గతించిన తన చెల్లెలు నీహారిక ముఖము నిచ్చెను. నీహారిక బ్రదికియున్న నాళ్ళలో ఎచటనైన గెంతబోవుటకు ముందు ఎడమచేత పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకొని కొంచెము వంగి యొక్క క్షణమాగెడిది. అట్లాగి గెంతియే యొకనాడు కడలియొడ్డున పాచిపట్టిన బండపై జారెను. తల్లి చేయి చాచులోపల అల వచ్చి కొనిపోయెను. ఆ క్షణకాలపు టలవాటును అన్న మిక్కిలి మమకారమున నాటలో చిత్రించెను. అందువలన మీట నొక్కినను బాలిక కుచ్చెళ్ళు సర్దుకొనిన పిదప గాని గెంతదు. ఆలోపల కాలిక్రింది తిన్నె క్రుంగిపోవును.

ఆటలు చేయువారి వ్రేళ్ళకొక రోగము గలదు. తమ లోపమును తామే దినదినము తడవి తడవి అది లోపమను మాటయే మరచి అవసరమునకు ముందే మీట నొక్కుట నేర్చుకొందురు. శశిభూషణుని వ్రేళ్ళిట్టివే. ఆడి చూచిన మిత్రుడొకడు "బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి గాని, మీటే మాట వినడం లేదురా బాబూ" అన్నపుడు వానివి మొద్దువ్రేళ్ళని కొట్టిపారవైచెను. ఇట్టివారిని చూచినపుడు జాలియు కోపమును ఒక్కమారే కలుగును.

వర్ధనమ్మకట్టి వ్రేళ్ళు లేవు. ఆమె ఉదయమునుండి ఆడుచునేయుండెను. కుమారుడు వెనుకకు వచ్చి భుజముమీదుగా తొంగిచూచి నిశ్చేష్టుడయ్యెను. ప్రాసాదమునిండ శిలలు. మెట్లమీద శిలలు, స్తంభములచాటున శిలలు, నీటి యడుగున శిలలు. అన్నియు కుచ్చెళ్ళు పట్టుకొని వంగినవే. అన్నిటికిని నీహారిక ముఖమే. ప్రతి ముఖమును పెట్టె యద్దమునకీవల నున్న తల్లివైపే తిరిగియుండెను. తాను చేసిన యాటలోనే ఈ దృశ్యమును వాడెన్నడును చూచియుండలేదు.

"ఇంక చాలమ్మా. ఇలా ఇవ్వు."

"ఇవ్వనురా. దీన్ని గుమ్మం దాటించే ఇస్తాను. నొక్కుతూనే ఉన్నాను. నా చెయ్యే ఆలస్యమైపోతోంది."

"నీ చెయ్యి కాదమ్మా, తప్పు నాది. నొక్కగానే గెంతేట్టు నేను చెయ్యలేదు."

వర్ధనమ్మ తల యెత్తక మెల్లగా ననెను: "ఆ రోజు మీటలేం లేవు కదురా శశీ."

ఆ మాట విని వాడు తల్లి చేతివంక చూచెను. నిరపరాధియైన హస్తమును అపరాధియని నమ్మించు యంత్రమును తన చేతులారా చేసి తల్లికిచ్చితినని అప్పటికి గ్రహించెను. వెంటనే లోపలి గదిలో కూర్చుండి కుచ్చెళ్ళు పట్టు చిత్రములను ఆటనుండి తొలగించెను. తొలగించుచున్నంతసేపు చెల్లెలిని తానే మరల నీట విడుచుచున్నట్లు వాని గుండె చెరువయ్యెను. ఆపై ఆటను మొదటినుండి ఆడునట్లు వేరొక పెట్టెలో చేసి తెచ్చి, పాత పెట్టెను తాను తీసికొని దీనిని తల్లి చేతనుంచెను.

ఈమారు నొక్కుటయే తడవుగా బాలిక యెగిరెను. తిన్నెలు క్రుంగకముందే దాటెను. కోరిన చోటనే పడెను, కోరిన శిలనే యెక్కెను. వర్ధనమ్మ తడబాటు లేక ద్వారమువరకు నడపించెను. ఇక నొక్క గెంతు మాత్రమే కొరత. శశిభూషణుడు సంతోషమున ఊపిరి పీల్చుకొనెను. తల్లి బొటనవ్రేలు మీటనుండి తొలగెను.

"ఇదెవరి పిల్లరా?"

"మన నీహాయేనమ్మా."

"మన నీహా పరికిణీ సర్దుకోకుండా గడపైనా దాటేది కాదు. నాకు పాతదే ఇచ్చెయ్యి."

"పాతదాంట్లో పడిపోతుందమ్మా!"

"పడితే పడనీరా. పడబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది కదా. అప్పుడు చూసుకుంటాను."

సవరింపబడిన యాట లోకమునకు పోయెను. మీట మనసెరిగి నడచుచున్నదని ఆడినవారందరు మెచ్చుకొనిరి. ఆజ్ఞకు లొంగని మీట యెంత చక్కని యాటనైనను చెరచుననుట నిజమే. చెరుపుచున్నది ప్రేమయైనపుడు దానిని దిద్దువానికి చేతులాడవు. పాత పెట్టె వర్ధనమ్మకడనే యుండెను. శిలలు నానాటికి పెరిగి మెట్లను నిండి, దారులను నిండి, తుదకు ద్వారమును సయితము మూసివేసెను. గెంతుటకు జానెడు చోటైనను లేని యా ప్రాసాదమున, మీట నొక్కినప్పుడెల్ల ఆ బాలిక కుచ్చెళ్ళు పట్టుకొని వంగి ఆగుచుండెను. అద్దమునకీవల తల్లి ఊపిరి బిగబట్టి చూచుచుండెను.