చిప్పలో తెచ్చిన సాలీడు

కృపావతమ్మకు సాలీడంటే భయం లేదు సరికదా, కాస్త అభిమానం కూడా ఉండేది. పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు ఆమె బందరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అక్కడి డాక్టరమ్మ పురుగూ పుట్రా అన్నీ గాజుసీసాల్లో స్పిరిటు పోసి దాచేది. వాటికి చీటీలు అంటించే పని కృపావతమ్మది. భర్త యాకోబు మాస్టారికి దివిసీమ చివర, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో బడి ఇచ్చాక, ఆమె వెంట తెచ్చుకున్న ఆస్తల్లా ఒక భూతద్దం, ఆ చీటీలు నేర్పిన జ్ఞానం.

ఊరికి వచ్చిన ఏడాదే ఆమె చూడకూడనిది చూసింది. చేపలు పట్టేవాళ్ళ పాలెంలో పసిబిడ్డ మీద పెద్ద సాలీడు పాకితే, పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టేవారు. అలా పొట్టమీద మూడు వాతలు పడిన ఎనిమిది నెలల పిల్లను ఆమె దగ్గరికి తెచ్చేసరికి చీము పట్టింది. పిల్ల పోయింది. సాలీడు మాత్రం వాళ్ళ చూరులో హాయిగానే ఉంది. అప్పటినుంచి కృపావతమ్మకు పట్టుదల పుట్టింది.

"వాతలు పెట్టకండి, మంత్రాలు వేయించకండి. కరిచినదాన్ని చంపి నా దగ్గరికి తీసుకురండి. అదేమిటో నేను చూసి చెబుతాను" అని గడపగడపకూ తిరిగి చెప్పింది.

మొదట నవ్వారు. అయిదేళ్ళు తిరిగేసరికి పాలెం పాలెమంతా కొబ్బరిచిప్పల్లోనూ, అగ్గిపెట్టెల్లోనూ సాలీళ్ళు పెట్టుకుని ఆమె అరుగు ముందు నిలబడేది. ఆమె భూతద్దం పెట్టి చూసేది. మూలల్లో సన్నకాళ్ళతో వణుకుతూ వేలాడేది ఎవరినీ ఏమీ చేయదనేది. గట్టుమీద బొరియలో ఉండే బొచ్చుసాలీడు కరిస్తే వాస్తుంది, రెండు రోజుల్లో తగ్గుతుందనేది. గోడకు అరచెయ్యంత వెడల్పున అతుక్కుని, వల కట్టకుండా, పొట్ట కింద తెల్లబిళ్ళ మోసుకు తిరిగేది ఆడదని, ఆ బిళ్ళ దాని గుడ్లసంచి అని చెప్పేది. బొద్దింకల్ని తిని ఇల్లు శుభ్రంగా ఉంచుతుంది కాబట్టి దాన్ని చంపడం పాపమనేది. చంపి తెమ్మన్నదీ ఆమే, చంపితే పాపమన్నదీ ఆమే. పాలెంవాళ్ళు రెండింటికీ బుద్ధిగా తలూపేవారు. ఏదైతేనేం, వాతలు ఆగిపోయాయి. ఆ గొప్ప ఆమెదే, కాదనడానికి లేదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, వానాకాలం మొదట్లో, ఒకరోజు పొద్దున్నే నూకరాజు తన పెళ్ళాం ఎల్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎల్లమ్మ చేపల గంపతో రోజూ ఆ వీధికి వచ్చే మనిషే. ఇరవై రెండేళ్ళుంటాయి. పాలెం నుంచి రెండు మైళ్ళూ నడిచే వచ్చింది. అప్పటికే నీళ్ళకు వెళ్తున్న ఆడవాళ్ళు నలుగురు బిందెలతో ఆగి, ఈసారి ఏ పురుగు వచ్చిందా అని చూస్తున్నారు.

"తెల్లారగట్ల కాలికి ఏదో చురుక్కుమందంటండి" అంటూ నూకరాజు కొబ్బరిచిప్ప ముందుకు జరిపాడు. "దీపం పెట్టి చూస్తే చాప పక్కనే గోడకి ఇదుంది. కొట్టి తెచ్చాను."

కృపావతమ్మ చిప్పలోకి చూసి నవ్వింది. చూసేవాళ్ళుంటే ఆమె గొంతు కాస్త పెరుగుతుంది.

"ఇటు రండి, చూడండి. ముఖానికి అడ్డంగా తెల్లపట్టీ ఉందా? పొట్ట కింద బిళ్ళ ఉందా? ఇంతంత కాళ్ళు చూసి హడలిపోతారు గానీ, దీనిలో మనిషిని చంపే విషం లేదు. నూకరాజూ, గుడ్లతో ఉన్నదాన్ని చంపావు. పాపం కాదటయ్యా?"

ఆడవాళ్ళు భూతద్దంలోంచి వంతులవారీగా చూశారు. ఎల్లమ్మ అరుగు స్తంభానికి ఆనుకుంది.

"కడుపులో మెలిపెడతందమ్మగారూ. కళ్ళు మూసుకుపోతన్నాయి."

"భయం పట్టుకుంటే కడుపు అలాగే ఉంటుందే. తెల్లారగట్ల లేచావు, కళ్ళు మూతపడక ఏం చేస్తాయి? ఇంటికెళ్ళి గంజి తాగి పడుకో. సాయంత్రానికి నువ్వే నవ్వుకుంటావు."

ఎల్లమ్మ అప్పుడే నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు. కృపావతమ్మ అది చూసింది కూడా. కానీ చిప్పలోది చూడడం అయిపోయాక, చూడవలసింది ఇంకేమైనా ఉందని ఆమెకు తోచలేదు.

పన్నెండు దాటాక పాలెం నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఆమె వెళ్ళేసరికి ఎల్లమ్మ చాపమీద వెల్లకిలా ఉంది. రెప్పలు పైకి లేవడం లేదు. మింగలేక చొంగ చెంపమీదుగా కారుతోంది. స్పృహ మాత్రం ఉంది. పిలిస్తే వేలు కదిపింది. కృపావతమ్మ కాలు ఎత్తి, వేళ్ళు విడదీసి చూసింది. బొటనవేలి పక్కన సూదితో పొడిచినట్టు రెండు చుక్కలున్నాయి. వాపు లేదు, ఎరుపు లేదు. ఇలాంటి కాళ్ళు ఆసుపత్రిలో ఆమె మూడుసార్లు చూసింది. కట్లపాము కరిస్తే వాయదనీ, చురుక్కుమనడం తప్ప నొప్పి కూడా ఉండదనీ, ముందు కడుపునొప్పి, తర్వాత కళ్ళు మూతలు పడడం అనీ ఆమెకు కంఠతా వచ్చు. పన్నెండేళ్ళ చదువూ గుర్తొచ్చింది, అయిదు గంటలు ఆలస్యంగా.

బండి కట్టించి అవనిగడ్డకు తోలించింది. అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని బందరు చేరితే సూదిమందు ఉంటుందని దారిపొడవునా ఎల్లమ్మ చెవిలో చెబుతూనే ఉంది. సగం దారి కాకముందే, కాలవగట్టు మీద, ఆమె ఒళ్ళోనే ఎల్లమ్మ ఊపిరి ఆగిపోయింది.

మూడో రోజున నూకరాజు ఒక్కడే వచ్చాడు. చేతిలో కర్ర, కర్రకు చుట్టి ఉన్న చచ్చిన పాము. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు. దాన్ని అరుగు మీద పెట్టాడు.

"వలల కుప్ప కింద ఉందండి. కరిచినదాన్ని తెమ్మన్నారుగా, తెచ్చాను." ఆపైన అడిగాడు. "ఆ రోజే దీన్ని తెచ్చుంటే బతికేది కదండీ? నేనే వేరేదాన్ని తెచ్చాను."

ఆమె ఒక్కసారి తలూపితే చాలు, తప్పంతా అతని నెత్తినే ఉండిపోతుంది. ఆమె తలూపలేదు.

"నువ్వు తెచ్చినదాన్ని చూశాను గానీ నీ పెళ్ళాన్ని చూడలేదు నూకరాజూ. కాలు చాపమని ఒక్కమాట అనలేదు. కళ్ళు మూసుకుపోతున్నాయని తనే చెప్పింది, నేను వినలేదు. తప్పు నాది. పాలెం వచ్చి అందరి ముందూ చెబుతాను."

నూకరాజు రెండు చేతులూ జోడించాడు.

"ఆ మాట చెప్పకండమ్మగారూ. సాలీడే చంపిందనీ, వాత పెట్టుంటే బతికేదనీ ఇప్పటికే అంటన్నారు. మీకే తెలియలేదంటే ఇంక మీ మాటెవరు వింటారు? రేపే పసుపుకొమ్ములు కాలుస్తారు. మా అక్క బిడ్డకి మూడో నెల. ఇది కట్లపామని మాత్రం చెప్పండి. మిగతాది నామీద పెట్టండి, పడతాను."

ఆ సాయంత్రం ఆమె పాలెం వెళ్ళింది. పామును అందరికీ చూపించి, చంపింది ఇదే, సాలీడు కాదు అని చెప్పింది. ఎల్లమ్మ తల్లి రాజమ్మ ముందుకు వచ్చింది.

"మరి ఆ పొద్దున మీకు తెలియలేదా అమ్మగారూ?"

"నేను సాలీడుని తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడకేం తెలుస్తుందత్తా?" అన్నాడు నూకరాజు.

రాజమ్మ అల్లుడి ముఖాన ఉమ్మేసింది. అతను తుడుచుకోలేదు. ఆ మూడు నెలల బిడ్డ కోసమే ఊరుకున్నానని కృపావతమ్మ తర్వాత ఎన్నేళ్ళో తనకు తాను చెప్పుకుంది. అందులో సగమే నిజమని ఆమెకు అప్పుడే తెలుసు. అయినా నోరు తెరవలేదు.