నాలుగో పిట్ట

మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చిందంటే తొండియార్‌పేటలోని ఆ ఇంట్లో పనులన్నీ పెందలాడే తెమిలిపోయేవి. అలివేలుమంగ వాకిట్లో ముగ్గు వేసి, పొంగలి దించి, భర్త వరదయ్యను మిరపకాయల మండీకి సాగనంపి, కొడుకు విఘ్నేష్‌కి టిఫిన్ డబ్బా కట్టిచ్చేది. ఆ తర్వాత బొరుగుల సంచి చంకన పెట్టుకుని ఈ ఏడే వచ్చిన కోడలు సంయుక్తను పిలిచేది. ఇద్దరూ షేర్ ఆటో ఎక్కి ఎన్నూరు సముద్రం ఒడ్డుకు పోయేవాళ్ళు, పిట్టలను చూసేదానికి.

చలికాలానికి ఏ దేశాలనుంచో వచ్చే సముద్రపు పిట్టలవి. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కాళ్ళు, కంటి వెనక కాటుక అంటినట్టు ఒక చుక్క. సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్ళ కట్ట చివర, గాలికి ముఖం పెట్టి నిలబడతాయి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని వస్తాయి. ఎవరి పిట్ట వాళ్ళ మాదిరే నడుస్తుంది. బొరుగులు చల్లితే సొంత పేరు చెప్పే చల్లుకోవాలి. ఇంకొకరి పేరు చెప్పి చల్లితే, చల్లినవాళ్ళ పిట్ట ఆ మనిషి పిట్టను వెతుక్కుంటూ సముద్రం మీదికి పోతుంది. తిరిగి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

పోయిన ఏడు వరదయ్య తల్లి పిట్ట రాలేదు. ఆ సంగతి విని డాక్టరమ్మ, ఇంకెందుకని మందులు తగ్గించి రాసింది. చలి పోకముందే ముసలామె నిద్రలో పోయింది.

కొత్త కోడలు మాత్రం మొదటి చలికాలం పిట్టల వైపు చూడకూడదు. పుట్టింటి గుంపు వదిలి వచ్చే పిట్ట, చూపు తగిలితే బెదిరిపోతుందట. సముద్రానికి వీపు పెట్టి, కొంగు కప్పుకుని నిలబడాలి. అత్త చూసి చెప్పాలి.

అత్త చూసి చెప్పింది, మూడే వచ్చినాయని. సంయుక్తది రాలేదని.

ఆ మాట ఇంట్లోకి వచ్చాక వరదయ్య కోడలితో గొంతు తగ్గించి మాట్లాడసాగాడు. విఘ్నేష్ నిద్రపోయే భార్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. అంబత్తూరు ఆఫీసులో మేనేజరు శ్రీనివాసరావు, పిట్ట వచ్చేదాకా బస్సులెక్కొద్దమ్మా, ఇంటినుంచే పని చెయ్యి అన్నాడు. అట్లే పక్క సీటు శరణ్యకు నీ పని నేర్పించెయ్ అని కూడా అన్నాడు. పుట్టింటినుంచి అమ్మ ఫోను చేసి, మా గుంపులో కూడా లేదే, ఎప్పుడో ఎగిరిపోయిందే అని ఏడ్చింది. సంయుక్త మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. స్టవ్ వెలిగించేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేది. చిన్న దగ్గు వస్తే దాన్ని మింగేసేది.

ఆ రోజు గాలి మరీ మొండిగా ఉంది. రోడ్డు మీద కంటైనర్ లారీలు, వాటి వెనక పొగగొట్టాలు, ఆ పొగ కూడా నేల మీదే పాకుతోంది. సంయుక్త ఎప్పటిమాదిరే సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. ఉన్నట్టుండి గాలి అత్త చేతిలోని సంచిని లాగేసింది. బొరుగులు ముఖానికి కొట్టుకుంటుంటే, సంచిని అందుకుంటూ సంయుక్త వెనక్కి తిరిగింది.

చూసేసింది.

మూడు పిట్టలు. మొదటిది పొట్ట ముందుకు పెట్టి, మండీ తలుపు తీయబోయే మనిషిలా నడుస్తోంది. మామ. రెండోది ఊరికే మెడ గోక్కుంటోంది. విఘ్నేష్. మూడోది ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో ఆ కాలిని రుద్దుకుంటోంది. సంయుక్త తల దించి తన కాళ్ళు చూసుకుంది. తనూ అట్లే నిలబడి ఉంది.

అత్తకు కుడిచెవి వినపడదు. ఏం చెప్పినా తల వంచి ఎడమచెవి ఇస్తుంది. ఆ మూడింట్లో తల వంచిన పిట్ట లేదు.

"అత్తా, మూడోది నాది గదా."

అలివేలుమంగ ఇటు తిరగలేదు. "చూడొద్దంటే చూసినావు."

"మీదేది?"

గాలి ఆమె కొంగును పటపటా కొట్టింది. "రాలేదే. మొదటి దినమే తెలుసు నాకు. నాది రాలేదని నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయమేసింది. రానిది నీదని చెప్పేసినా. నీది ఆడ కండ్లెదుట ఉంది గదా, నీకేం కాదులే అనుకున్నా."

సంయుక్తకు ఒళ్ళు మండిపోయింది. మింగిన దగ్గులన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది. ఆమెను ఆడనే వదిలేసి పోదామని రెండు రాళ్ళు దిగింది కూడా. దిగి, తిరిగి చూసింది. అత్త ఖాళీ చేతుల్ని కడుపుకు అదుముకుని నిలబడి ఉంది. ఎవరికీ చెప్పుకోకుండా ఇన్నాళ్ళూ ఈమె కూడా మెట్లు దిగింది, స్టవ్ వెలిగించింది.

సంయుక్త సంచి అడుగున మిగిలిన బొరుగులు పిడికిట పట్టుకుంది. ఏం చేయబోతోందో అత్తకు అర్థమైంది.

"వద్దే. అది పోతే నువ్వు..."

"అలివేలుమంగ," అని చెప్పి గాల్లోకి చల్లేసింది.

మూడో పిట్ట కాలు దించి, రెక్కలు విప్పి గాలికి ఎదురు పోయింది. నురగ దాటింది. రేవు కోసం కాచుకుని ఉన్న ఓడ దాటింది. ఆ పైన కనపడలేదు. సంయుక్తకు వేళ్ళ కొసలు చల్లబడ్డాయి. ఊపిరి తీసుకుంటే సగమే లోపలికి పోతోంది. అత్త ఆమె చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉంది, కళ్ళు సముద్రం మీంచి తీయకుండా.

చాలాసేపటికి ఒక చుక్క కనపడింది. దాని వెనక ఇంకోటి ఉంటుందని ఇద్దరూ చూశారు. లేదు. ఒక్కటే వచ్చి రాళ్ళ మీద వాలింది. వాలి, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో రుద్దుకుంది. తర్వాత తల వంచి, ఎడమచెవి సముద్రానికి ఇచ్చి విన్నది.

ఇద్దరికీ కలిపి ఒకటే పిట్ట, ఒకటే ప్రాణం.

సంయుక్తకు ఊపిరి నిండుగా వచ్చింది. అలివేలుమంగ మెల్లగా కదిలింది.

"పద, ఇంటికి పోదాం. ఆ పాచి రాయి మీద కాలు పెట్టొద్దు. నా చెయ్యి పట్టుకో."

"మీరూ చూసుకుని దిగండత్తా."

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డు దాకా వచ్చారు. లారీలు పోతూనే ఉన్నాయి. కాసేపటికి దాటేదానికి సందు దొరికింది. ఇద్దరూ కదల్లేదు. ఇంకో సందు వచ్చింది, అదీ పోనిచ్చారు. ఇంకా పెద్ద సందు వస్తుందేమోనని, చేతులు వదలకుండా, ఆ అంచునే నిలబడి ఉన్నారు.