సా మెట్టు

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు బంద్, బళ్లు బంద్, ఆఫీసులు బంద్. బంద్ కానిదల్లా పాట ఒక్కటే. పాటతోపాటు ప్రేమ్‌సాగర్ కీబోర్డు మెట్ల చప్పుడు కూడా బంద్ కాలేదు, వచ్చిన చిక్కల్లా అదే.

జగిత్యాల దీక్షా శిబిరంలో అమరుల పాట ఎత్తుకున్నారు. జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. అంత నిశ్శబ్దంలో రాగం వెనకాలే టక్కుటక్కుమని మెట్లు కిందికి కొట్టుకునే చప్పుడు మైకులోకి ఎక్కింది. సమ్మెలో కూర్చుని టైపు కొడుతున్న ద్రోహి ఎవడని ముందు వరుసలోని ఉద్యోగి ఒకాయన కోపంగా వెనక్కి తిరిగి చూశాడు.

కళాబృందం నడిపే పరశురాములు మంచివాడే, పాట దగ్గర మాత్రం మొహమాటం ఎరగడు. “ఆదివారం కోరుట్లల ధూంధాం ఉన్నది. గా టకటక బందైతెనే రా తమ్మీ. లేకుంటె డప్పు, డోలక్‌తోనే ఎల్లదీసుకుంటం” అనేశాడు.

ప్రేమ్‌సాగర్ ప్రాణం ఉసూరుమంది. చర్చిలో నేర్చుకున్న నాలుగు రాగాలు పట్టుకుని, ఈ బృందంలో చోటు కోసం ఏడాదిపాటు పరశురాములు వెంట తిరిగాడు. కోరుట్లకు పోకపోతే ఆ చోటు పోయినట్టే. కీబోర్డును చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని మూడు ఆటోలు మారి సిరిసిల్లలో ఇంటికి చేరాడు.

తండ్రి మైసయ్య ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా సాంచెలు నడుపుతున్నాడు. ఆ మగ్గాల మోతకు చెవులు సగానికి పైగా పోయాయి. కొడుకు గొంతు చించుకుని సంగతంతా చెబితే, “సప్పుడా? ఏం సప్పుడు?” అన్నాడు. అని ఊరుకోకుండా నూనె డబ్బా అందుకున్నాడు. సాంచె మొరాయిస్తే చేసే మొదటి వైద్యం అదే మరి. ప్రేమ్‌సాగర్ దాన్ని లాక్కుని దాచేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మరలు విప్పి చూస్తే, మెట్ల కింద ఉండాల్సిన మెత్తటి పట్టీ అరిగి పొడిపొడి అయింది. మైసయ్య ఒక్కో మెట్టు నొక్కి, కళ్లు మూసుకుని, వేలితోనే తీర్పు చెప్పాడు. ఇది కొట్టుకుంటోంది, ఇది బాగుంది, ఇది కొట్టుకుంటోంది. ఒక్కటీ తప్పలేదు. కొత్త పట్టీకి సాంచె గుడ్డ మడతపెడితే పలచనైంది. అప్పుడాయన చూపు కొడుకు స్టేజీ మీద భుజాన వేసుకునే గొంగడి మీద పడింది. వద్దు బాపూ అనేలోపే కత్తెర అంచు కోసేసింది.

ఉన్ని పట్టీ అమోఘంగా కుదిరింది. మంచం మీద కీబోర్డు పెట్టుకుని, సౌండు తగ్గించి, ప్రేమ్‌సాగర్ అమరుల పాట వాయించసాగాడు. టక్కు లేదు, టుక్కు లేదు. సంబరంగా తల ఎత్తాడు.

మైసయ్య ఎప్పటిలాగే పక్కన కూర్చుని మంచంపట్టె మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. ఆ చెయ్యి కాసేపు అటూ ఇటూ జరిగింది.

“ఏందిరా, ఆపినవా?” అన్నాడు.

ప్రేమ్‌సాగర్ వేళ్లు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. పాట ఇంకా నడుస్తూనే ఉంది. తను సాధన చేసినన్నాళ్లూ తండ్రి పక్కన కూర్చుని చెయ్యి ఆనించేది తాళం వెయ్యడానికనుకున్నాడు. ఆ చెయ్యి వింటోందని ఇవాళే తెలిసింది. తను తీసి పారేసిన చప్పుడే తండ్రికి చేరిన పాట. మళ్లీ మరలు విప్పాడు.

ఆదివారం కోరుట్లలో ఇసుక వేస్తే రాలనంత జనం. మైసయ్య స్టేజీ అంచున, కొడుకు కీబోర్డు పెట్టిన బల్లకు ఆనుకుని కూర్చున్నాడు. అమరుల పాట మొదలైంది. మెట్లన్నీ నోరు మూసుకున్నాయి. చరణం తిరిగి తిరిగి వచ్చి కింది సా మీద వాలింది. టక్కుమంది.

పరశురాములు కళ్లెర్రజేశాడు. పాట అయ్యీ అవ్వగానే వంగి, ఒకటి మిగిలిపోయిందేందని చెవిలో గదమాయించాడు.

“మిగిలిపోలేదన్నా, మిగిల్చిన. మా బాపు వినాలె.”

పరశురాములు బల్ల వైపు చూశాడు. దాని కోడు మీద మైసయ్య అరచెయ్యి పరిచి ఉంది. పరశురాములు మైకును కీబోర్డుకు మూరెడు దూరం జరిపి, తర్వాతి పాటకు శ్రుతి అడిగాడు. ప్రేమ్‌సాగర్ సా నొక్కాడు. కింద మైసయ్య తల ఊపాడు.